వరండాకి ఎంతిస్తారు?

సోమవారం పొద్దున్న ఎనిమిదయ్యేసరికి పోర్ట్ హార్మన్‌లో కాఫీ తాగేవాళ్లు కూడా కప్పు కింద పెట్టి చెవులు రిక్కించేవారు. రేడియోలో బెర్నడెట్ క్లిమ్‌చాక్ మాట్లాడే వేళ అది. ముందురోజు స్టోకర్స్ జట్టు ఎలా ఆడిందో ఆవిడ చెప్పాలి, ఊరు వినాలి. ఈరీ సరస్సు ఒడ్డున, బంతిని చేత్తో విసిరి ఆడే ఆ అమెరికా ఫుట్‌బాల్ మీద అభిప్రాయం లేని మనిషి లేడు. అయినా ఆవిడ చెప్పాక గానీ తమ అభిప్రాయం ఏమిటో చాలామందికి తెలిసేది కాదు.

చాలా ఏళ్లు బడి వంటగదిలో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లల ప్రోగ్రెస్ కార్డులు చూసీ చూసీ అలవాటైందో ఏమో, ఆటగాళ్లకు కూడా ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇచ్చేది. ఇవ్వడమంటే ఊరికే ఇచ్చేది కాదు, ఒక్కొక్కణ్ణీ ఉతికి ఆరేసేది.

"ఆ కుడివైపు కాపలా కాసే పెద్దమనిషి ఉన్నాడే, మార్టీ, మా గ్యారేజి తలుపు కూడా వాడికంటే నిదానంగా తెరుచుకుంటుంది. వాడికి డి. ఇంక బంతి విసిరే మన ప్రూయిట్ బంగారుకొండ. బంతిని అవతలి జట్టువాడి చేతుల్లో ఎంత ముద్దుగా పెట్టాడు! బళ్లో పిల్లలకి పాలడబ్బా కూడా నేనంత పదిలంగా అందించలేదు."

"అయ్యో ఆంటీ, అతనికీ పెళ్లాం బిడ్డలున్నారండీ," అనేవాడు కార్యక్రమం నడిపే మార్టీ.

"ఉంటే? వాళ్లకి విసిరినా బావుండేది, కనీసం బంతి ఇంట్లో ఉండేది. ఎఫ్!"

అందరి పనీ పట్టాక మార్టీ చివరి ప్రశ్న అడిగేవాడు. ఆ ప్రశ్న కోసమే పనికి వెళ్లేవాళ్లు కారు దిగకుండా కూర్చునేవారు.

"మరి వరండాకి ఎంతిస్తారు?"

"వరండాకి ఎప్పుడూ ఎ, నాయనా," అనేది బెర్నడెట్.

ఈ వరండా సంగతి పెళ్లయిన కొత్తలో మొదలైంది. ఈ ఆటలో ఆఖరి క్షణాల్లో బంతిని కాలితో తన్ని రెండు పసుప్పచ్చ కంబాల నడుమనుంచి పంపితే మూడు పాయింట్లు వస్తాయి. ఒక్క తన్నుతో మ్యాచ్ అటో ఇటో అయిపోతుంది. ఆ ఏడాది బెర్నడెట్ టీవీ ముందు కళ్లప్పగించి కూర్చున్నప్పుడల్లా తన్నిన బంతి పక్కకు పోయింది. ఒక ఆదివారం కుక్క అరుస్తోందని వరండాలోకి వెళ్లింది. లోపల్నుంచి ఆమె భర్త కాజ్ వేసిన కేకకు కుక్క మెట్లకింద దూరింది. బంతి కంబాల మధ్యనుంచి వెళ్లింది. అంతే, ఆనాటినుంచి ఆవిడ బతుకు తేలిపోయింది. ఆట కాలిమీదికి వస్తే చాలు, "బెర్నీ, బయటికి!" అనేవాడు కాజ్. ఆవిడ అతని పాత కోటు తగిలించుకుని, చలిలో, వీధివైపు తిరిగి నిలబడేది.

వీధివీధంతా ఈ నమ్మకానికి లోబడిపోయింది. ఎదురింటి డార్లీన్ ఫస్కో కిటికీలోంచి ముందు వరండా చూసేది, తర్వాత టీవీ చూసేది. బంతి లోపలికి వెళ్తే తన వరండా బల్బు టపటపా ఆర్పి వెలిగించేది. తప్పితే బల్బు కదిలేది కాదు. గెలిచిన రోజున వీధిలో కార్ల హారన్లు, కేకలు. బెర్నడెట్ రంగస్థలం మీది రాణిలాగా నడుం వంచి నాలుగువైపులా దండం పెట్టి లోపలికి వచ్చేది. తప్పిన రోజులూ లేకపోలేదు. అప్పుడు కాజ్ ఆ తప్పు కోటు మీదికి తోసేవాడు, బొత్తాలు సరిగా పెట్టుకోలేదనేవాడు.

కాజ్ ఇనుప ఫ్యాక్టరీ మూసేసేదాకా కొలిమి దగ్గర పనిచేశాడు. తర్వాత మునిసిపాలిటీ వాళ్ల మంచు తోసే లారీ నడిపాడు. మాట పెళుసు మనిషి, మనసు మెత్తన. భార్య రేడియోలో మాట్లాడుతుంటే అతని గొప్ప చూడాలి. ఫోను చేసేవాళ్లను ఇంట్లో రేడియో కట్టేయమని మార్టీ మనుషులు మొత్తుకుంటారు. ఎవరైనా నోరు జారితే కత్తిరించడానికి మాటను కొన్ని క్షణాలు ఆపి వదులుతారు కదా, ఆ రెండు గొంతులూ కలిసి గోలైపోతుందని. బెర్నడెట్ కట్టేది కాదు. ఫ్రిజ్ మీద సన్నగా పెట్టి ఉంచేది. "ఫోన్లో నువ్వు వాగేది నాకెందుకు, రేడియోలో వచ్చిందే లెక్క," అనేవాడు కాజ్ ముందుగదిలోంచి. ఆవిడ ఫోను పెట్టేశాక ఆవిడ ఆఖరి మాటలు ఫ్రిజ్ మీదినుంచి వచ్చేవి. అవి పూర్తి కాకుండానే కాజ్ జవాబు వచ్చేది. "తప్పు! డిఫెన్స్‌కి సి ఏంటి? నీకు కళ్లున్నాయా?" ఇంక గుడ్లు చల్లారేదాకా పోట్లాట. వాళ్లిద్దరి కాపురంలో మురిపెం ఎక్కడుందయ్యా అంటే, నన్నడిగితే, అక్కడే ఉంది.

వేసవిలో కాజ్‌కి జబ్బని తెలిసింది. సెప్టెంబరు ఆఖరుకి ఆస్పత్రి మంచం ఇంటికి తెచ్చి ముందుగదిలో వేశారు. అతని పడక్కుర్చీని పక్కగదిలోకి నెట్టేశారు. మంచం తలవైపు ఎత్తి టీవీకి ఎదురుగా తిప్పింది కాజ్ తమ్ముడు చెట్. నర్సు పొద్దున్నపూట వచ్చి వెళ్లేది. మాటలు తగ్గాయి, తర్వాత తిండి తగ్గింది, తర్వాత మెలకువే తగ్గింది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం కళ్లు తెరిచేవాడు.

అక్టోబరులో ఒక ఆదివారం స్టోకర్స్ రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గడియారంలో సమయం అయిపోవచ్చింది. బంతి తన్నే కుర్రాడు ఆండర్స్ మైదానంలోకి నడిచాడు. బంతి యాభై గజాలకు అటూ ఇటూగా వెళ్లాలి. బెర్నడెట్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ చూపుడువేలు కాజ్ గుప్పిట్లో ఉంది. కాజ్ కళ్లు టీవీ మీదినుంచి తలుపువైపు తిరిగాయి. వెళ్లమన్నాడనుకుంది ఆవిడ. బతుకంతా వెళ్లమన్నవాడే కదా. వేలు మెల్లిగా లాక్కుని, కోటు తగిలించుకుని వరండాలోకి వెళ్లింది.

డార్లీన్ బల్బు టపటపలాడింది. వీధి ఊగిపోయింది. ఎవరో డ్రమ్ము వాయించారు. "నువ్వు దేవతవే బెర్నీ!" అని అరిచింది డార్లీన్, చెప్పుల్లేకుండా మెట్లమీదికి పరుగెత్తుకొచ్చి. బెర్నడెట్ నడుం వంచి దండం పెట్టింది. అటూ పెట్టింది, ఇటూ పెట్టింది. మూలింటివాళ్లు మళ్లీ పెట్టమంటే మళ్లీ పెట్టింది. తర్వాత లోపలికి వచ్చి, "గెలిచాం కాజ్," అంది.

టీవీలో జనం ఇంకా గంతులేస్తున్నారు. కాజ్ కళ్లు తలుపువైపే ఉన్నాయి. మనిషి లేడు.

మర్నాడు సోమవారం. ఎనిమిదికి బెర్నడెట్ రేడియోకి ఫోను చేసింది. కాఫీ పెట్టినట్టే, పిల్లికి పాలు పోసినట్టే, చెయ్యి తనంతట తానే నంబరు నొక్కింది. డిఫెన్స్‌కి బి. ప్రూయిట్‌కి సి. రెండో సగంలో, ఒక్క గజం ముందుకు పోతే బంతి మన దగ్గరే ఉండిపోయే ఆఖరి, నాలుగో ప్రయత్నంలో, కోచ్ బ్రాడిగన్ తెగించకుండా బంతిని అవతలివాళ్లకి తన్నించాడు, ఆయనకి డి. ఆండర్స్‌కి ఎ.

"మరి వరండాకి?"

"ఎ," అంది.

భర్త పోయిన మాట చెప్పలేదు. చెప్పకూడదని కాదు, మార్టీ అడగలేదు. మధ్యాహ్నానికి ఎవరో అతనికి చెప్పారు. పాపం, ఆ కుర్రాడు ఫోన్లోనే ఏడ్చేశాడు. "నాకు తెలీదాంటీ, ఒట్టు, నాకు తెలీదు," అన్నాడు. "నీకెలా తెలుస్తుంది నాయనా," అని బెర్నడెట్ అతన్ని ఓదార్చింది. ఓదార్చి, స్టవ్ తుడిచింది.

కాజ్‌ని స్టోకర్స్ ఎర్ర జెర్సీలోనే శవపేటికలో పడుకోబెట్టారు. చర్చి కింది హాల్లో సాసేజీ, క్యాబేజీ కూర, బంగాళదుంప కూరి ఉడికించిన పియెరోగీ వడ్డించారు. వచ్చినవాళ్లంతా ఒకటే మాట. చెట్ అయితే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మరీ అన్నాడు.

"నువ్వు వెళ్లి నిలబడ్డావ్ కాబట్టి అన్నయ్య గెలుపు చూసుకుని పోయాడు వదినా. అంతకంటే ఏం కావాలి వాడికి? నీ వరండాయే వాణ్ణి దర్జాగా సాగనంపింది."

ఆ ఒక్క మాట మీద నిలబడింది బెర్నడెట్. తాను ఊరికే లేచి వెళ్లలేదు. వెళ్లింది కాబట్టి బంతి వెళ్లింది. బంతి వెళ్లింది కాబట్టి కాజ్ చూశాడు. ఒక వేలు వదిలించుకున్నందుకు అతనికో గెలుపు దొరికింది. ఈ లెక్క సరిపోయినంతకాలం మిగతా సంగతులు ఆలోచించనక్కర్లేదు. ఆవిడ ఆలోచించలేదు కూడా. ఏడుపు రాలేదు. ఆకలి వేస్తే తినేది, వేయకపోతే లేదు. మంచం వాళ్లు వచ్చి మంచం తీసుకుపోతే కార్పెట్ మీద నాలుగు కాళ్ల గుంటలు మిగిలాయి. వాటి చుట్టూ నడిచేది. దంతవైద్యుడు మొద్దుబార్చే సూది వేస్తే చెంప మనదో కాదో తెలియదు చూడండి, ఆవిడకి ఒళ్లంతా అలాగే ఉంది.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. అవసరం పడ్డప్పుడల్లా కోటు తగిలించుకుని బయటికి వెళ్లింది. రెండుసార్లు బంతి వెళ్లింది, ఒకసారి తప్పింది. దండాలు పెట్టింది. సోమవారం ఫోను చేసింది. తేడా మొదట విన్నది ఊరే. గ్రేడ్లు ఉన్నాయి, కారం లేదు. ప్రూయిట్ ఒక్క మ్యాచ్‌లో మూడు బంతులు శత్రువులకి సమర్పించుకున్నాడు. వెనకటి బెర్నడెట్ అయితే అతన్ని ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించేది. ఈ బెర్నడెట్ వాతావరణ వార్తలు చదివినట్టు, "మూడు పోగొట్టాడు. డి," అని ఊరుకుంది.

"అంతేనా ఆంటీ?" అన్నాడు మార్టీ దిగులుగా.

"అంతే నాయనా."

"అతన్ని ఒక్క మాటైనా తిట్టండి ఆంటీ. పొద్దున్నించీ జనం ఫోన్లు చేస్తున్నారు, మీరు తిడతారని కూర్చున్నారు."

"తిడితే బంతి తిరిగొస్తుందా?"

ఫోను పెట్టేశాక ఆ మాట ఫ్రిజ్ మీదినుంచి మళ్లీ వచ్చింది. ముందుగదిలోంచి ఎవరూ ఏమీ అనలేదు. బెర్నడెట్ కప్పు కడిగింది.

జనవరి మొదటి ఆదివారం ఆఖరి మ్యాచ్. జట్టు సీజనంతా పడుతూ లేస్తూ వచ్చి, చివరికి ఒక్క గెలుపు దూరంలో నిలిచింది. గెలిస్తే ప్లే ఆఫ్స్‌కి వెళ్తుంది, ఓడితే ఇంటికి. సరస్సు మీదినుంచి మంచు అడ్డంగా కొడుతోంది. చెట్, అతని భార్య గ్లోరియా పెద్ద గిన్నెనిండా సాసేజీ, సవర్‌క్రౌట్ అనే పుల్ల క్యాబేజీ పట్టుకుని వచ్చారు. వస్తూనే చెట్ పక్కగదిలోంచి కాజ్ పడక్కుర్చీని లాక్కొచ్చి, మంచం ఉండిన చోటే వేశాడు.

"ఇది లేకుండా మ్యాచేంటి? కూర్చో వదినా."

బెర్నడెట్ కూర్చుంది. కార్పెట్ మీది గుంటలు కుర్చీకింద కనపడకుండా పోయాయి. కుర్చీ చేతులకి అతని మోచేతుల నునుపు ఇంకా ఉంది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మొదటి సగమంతా మనవాళ్లు నిద్రలో నడిచినట్టు ఆడారు. చెట్ తిట్టని తిట్టు లేదు. "చూడు వదినా, చూడు! ఆ కుడివైపువాణ్ణి మా అమ్మమ్మ అయినా దాటేస్తుంది!" అని ఆవిడవైపు ఆశగా చూశాడు. బెర్నడెట్ తలూపింది. రెండో సగంలో ప్రూయిట్‌కి ఏ దేవుడు పూనాడో, విసిరిన ప్రతి బంతీ మనవాడి చేతుల్లోనే పడింది. కోచ్ బ్రాడిగన్ కూడా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తెగించాడు. నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం కోసం కుర్రాళ్లని ముందుకు తోశాడు, వాళ్లు వెళ్లారు. చివరికి ఒక్క పాయింటు వెనక, ఒక్క తన్ను మిగిలి, ఆండర్స్ మైదానంలోకి నడిచాడు. దూరం దాదాపు అక్టోబరు నాటిదే.

చెట్ అప్పటికే లేచి అన్న కోటు రెండు చేతులా తెరిచి పట్టుకున్నాడు.

"పద వదినా, పద! తొందరగా!"

బెర్నడెట్ లేవలేదు.

"వదినా! నిన్నే! వాడు గడ్డి తొక్కి చూసుకుంటున్నాడక్కడ!"

ఆవిడకేమీ పంతం లేదు. లేవాలనే అనుకుంది. కానీ చేతులు ఎప్పుడు వెళ్లాయో కుర్చీ చేతులమీదికి వెళ్లి, ఆ నునుపుని పట్టుకుని ఉన్నాయి. అవి రావడం లేదు.

"నేను వెళ్లను చెట్," అంది.

"వెళ్లవా? వెళ్లకపోవడమేంటి? ఇదేమన్నా ఆటా?"

"ఆటే కదండీ," అంది గ్లోరియా మెల్లిగా.

"నువ్వూరుకోవే! వదినా, నీ కాళ్లు పట్టుకుంటా. ఊరంతా ఊరుకుంటుందా? అన్నయ్యుంటే ఊరుకునేవాడా?"

ఫోను మోగింది. గ్లోరియా ఎత్తింది. ఎదురింటి డార్లీన్ గొంతు గదంతా వినపడింది. "ఏదది? ఎక్కడ చచ్చింది? వరండా ఖాళీగా ఉందేంటి! చూడవే, కాలు జారి పడిందేమో చూడు!"

"ఇక్కడే ఉందక్కా. కుర్చీలో ఉంది."

"కుర్చీలోనా!" అంది డార్లీన్, చావుకబురు విన్నట్టు.

చెట్ కోటు మొహానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. బంతి వెనక్కి వచ్చింది, ఒకడు నేలమీద నిలబెట్టాడు, ఆండర్స్ తన్నాడు. ఆ కుక్క అరిచిన ఆదివారం నుంచీ ఆవిడ చూడని దృశ్యం అది. బంతి మంచులోకి లేచింది, గాలి దాన్ని ఎడమకి నెట్టింది, మళ్లీ ఎందుకో మనసు మార్చుకున్నట్టు లోపలికి తిరిగింది. రెండు కంబాల నట్టనడుమనుంచి వెళ్లింది.

ఎదురుగా బల్బు టపటపలాడింది. హారన్లు, డ్రమ్ము. చెట్ కోటు గాల్లోకి విసిరి, గ్లోరియాని ఎత్తి తిప్పి, వదిన ముందు మోకాళ్లమీద పడ్డాడు. "చూశావా? చూశావా వదినా? అన్నయ్యే! పైనుంచి వాడే తోశాడు బంతిని!"

"చూశాను," అంది బెర్నడెట్.

సాసేజీ వేడిచేసి పెట్టింది. వాళ్లు వెళ్లాక గిన్నె కడిగి బోర్లించింది. కోటు సోఫా వెనక పడి ఉంటే తీసి మేకుకి తగిలించింది. కుర్చీని మాత్రం కదపలేదు.

సోమవారం ఎనిమిదికి ఫోను చేసింది.

"బెర్నీ ఆంటీ!" అని అరిచాడు మార్టీ. "ఊరు నిద్రపోలేదండీ! చెప్పండి, ఇవాళైనా గ్రేడ్లు ధారాళంగా ఉంటాయా?"

"మొదటి సగానికి ఎఫ్. నిద్రలో నడిచేవాళ్లకి జీతమెందుకిస్తారో నాకు తెలీదు. ప్రూయిట్‌కి ఎ. సీజనంతా వీడెక్కడ దాక్కున్నాడో అడుగు నాయనా, అద్దె కట్టాడో లేదో. బ్రాడిగన్‌కి బి. ఒక్క గజం కోసం తెగించడానికి సెప్టెంబరునించి జనవరిదాకా పట్టింది. గజానికి నాలుగు నెలలైతే ఆయన మైదానం దాటేసరికి మనమెవరం ఉండం."

మార్టీ పడీ పడీ నవ్వాడు. "వచ్చేశారు! మా ఆంటీ వచ్చేశారు! ఆండర్స్‌కి?"

"ఎ. ఆ పిల్లాడి తప్పేం లేదు. అక్టోబరులోనూ లేదు, ఇప్పుడూ లేదు."

"అసలుది అడుగుతున్నా. మరి వరండాకి?"

బెర్నడెట్ మేకుకి వేలాడుతున్న కోటువైపు చూసింది.

"ఎఫ్," అంది.

"ఎఫ్ ఏంటండీ? గెలిచాం కదా!"

"నేను వెళ్లలేదు మార్టీ. లోపలే కూర్చున్నా. కళ్లారా చూస్తూ కూర్చున్నా. అయినా బంతి వెళ్లింది." గొంతు లెక్క ఒప్పజెప్పినట్టే ఉంది. "అంటే ఆ రోజు కూడా వెళ్లేది. నేను కాజ్ దగ్గరే కూర్చున్నా వెళ్లేది."



"ఉంటాను నాయనా," అని ఫోను పెట్టేసింది. కొన్ని క్షణాల తర్వాత ఫ్రిజ్ మీదినుంచి ఆవిడ గొంతే, సన్నగా, స్పష్టంగా వచ్చింది. నేను కాజ్ దగ్గరే కూర్చున్నా వెళ్లేది.

రేడియోలో వచ్చిందే లెక్క. బెర్నడెట్ అలవాటుకొద్దీ ముందుగదివైపు తిరిగి, తప్పు అంటాడేమోనని ఎదురుచూసింది. తప్పు అనే మనిషి లేడని అప్పుడు తెలిసింది ఆవిడకి. స్టవ్ పట్టుకుని, అక్టోబరునుంచి రాని ఏడుపంతా ఏడ్చింది.